సెలవింట్లో చాకిరీ ఎవరిది?

యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ళ ప్రకటనల్లో 'కుటుంబాలకు అనువైనది' అనే మాట తరచు కనిపిస్తోంది. చరిత్ర గల పాతపేటలో పెంకుటిల్లు, అన్ని సామాన్లతో వంటగది, వాషింగ్ మెషిన్, పసిపిల్లలకు ఉయ్యాల, నడిచి వెళ్ళేంత దూరంలో సముద్రం. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ కుటుంబం అంటే ఎవరు, ఆ అనువు ఎవరికి, ఆ అనువుని ప్రతిరోజూ తయారుచేస్తున్న చేతులు ఎవరివి అన్న ప్రశ్నలు మనం వెయ్యకపోతే పర్యాటక శాఖలు ఎలాగూ వెయ్యవు.

నేను మాట్లాడుతున్నది ఫోర్ట్ కొచ్చి గురించి. 1503లో పోర్చుగీసువారు కోట కట్టిన చోటు అది. 1663లో డచ్చివారి చేతికి, 1795లో ఇంగ్లీషువారి చేతికి పోయింది. ప్రిన్సెస్ స్ట్రీట్, రోజ్ స్ట్రీట్ వంటి వీధుల్లో గోడకి గోడ ఆనించి కట్టిన పాత ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. 2012లో కళా బినాలే మొదలయ్యాక ఆ పేట పేరు దేశదేశాల్లోనూ వినబడుతోంది. అలెప్పీకో మున్నారుకో వెళ్ళే తెలుగువాళ్ళు కూడా దారిలో ఒకటి రెండు రాత్రులు ఇక్కడ దిగుతుంటారు. నాలుగడుగులకో హోమ్‌స్టే బోర్డు.

అలాంటి ఒక ఇంట్లో మా చెల్లెలి కుటుంబంతో పాటు మూడు రోజులున్నాను. 'వంటగది ఉంది కదా, హోటలు తిండి పిల్లలకి పడదు' అన్నది మా మరిది ఆ ఇంటిని ఎంచుకోవడానికి చెప్పిన కారణం. చింతపండు, కందిపప్పు, ఆవకాయ సీసా హైదరాబాదు నుంచే మూట కట్టుకొచ్చింది మా చెల్లెలు. మూడు రోజుల్లో ఆమె చూసిన చారిత్రక విశేషం చీనా వలల పక్కనున్న చేపల దుకాణాలు, అదీ కూరకి చేపలు కొనడానికి వెళ్ళింది కాబట్టి. మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనాలయం గురించి పిల్లలు వచ్చి చెబితే గరిటె పట్టుకునే విన్నది. మా మరిది చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో ఉన్న శ్రమ విభజనే సూట్‌కేసులో సర్దుకుని అక్కడికీ వచ్చింది, అంతే.

ఇది మా ఒక్కింటి కథ కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు జీతం లేని ఇంటి చాకిరీ చేస్తున్నారని, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారని తేలింది. పిల్లల, ముసలివాళ్ళ సంరక్షణ లెక్క వేరే ఉంది. పసిబిడ్డ తల్లికి అర్ధరాత్రి పాలు కాచుకునే వీలుండటం ఎంత ఊరటో నాకు తెలుసు, దాన్ని కాదనను. కానీ 'సెలవు' అని పేరు పెట్టి, ఆ 289 నిమిషాలని కొత్త ఊళ్ళో, పదును లేని కత్తిపీటతో, తెలియని పొయ్యి మీద చేయించుకోవడానికి అదనంగా డబ్బు కట్టడం ఏ రకం విశ్రాంతి?

ఇక ఆ ఇంటి యజమానురాలి సంగతి. యజమానురాలు అన్నది మనం మర్యాదకి అనే మాట. బోర్డు మీద పేరు భర్తది, లైసెన్సు భర్తది, డబ్బు పడే ఖాతా భర్తది. ఉదయం ఆరింటికి పుట్టు, కడల కూర చేసేది ఆవిడ. సందర్శకుల పుస్తకంలో 'ఆంటీ చేతి వంట అద్భుతం' అని అందరూ రాశారు, ఆంటీ పేరు ఒక్కరూ రాయలేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఆరు గదులకి మించకూడదు, యజమాని కుటుంబంతో సహా అక్కడే కాపురం ఉండాలి, విదేశీ అతిథి భారతీయ కుటుంబంతో గడిపి ఆచారాలు చూడాలి, ఇంటి వంట రుచి చూడాలి అన్నది దాని ఉద్దేశం. ఆ ఇంటి వంట ఎవరు వండుతారో రాయవలసిన అవసరం ప్రభుత్వానికి కనబడలేదు. 2025 బడ్జెట్‌లో హోమ్‌స్టేలకి ముద్రా రుణాలు ప్రకటించారు. అప్పు తీర్చవలసిన చాకిరీ మళ్ళీ ఆవిడదే.

'గడప దాటకుండా ఆడవాళ్ళకి ఆదాయం వస్తోంది కదా' అంటారు. కొందరికి వస్తోంది. పెద్ద ఇల్లు మిగిలి, పిల్లలు గల్ఫుకి పోయిన ఒంటరి స్త్రీకి ఇది నిజమైన ఆధారం కావచ్చు. కానీ ఆదాయం రావడం వేరు, అది తన చేతికి రావడం వేరు. గడప దాటకుండా అన్న మాటని మనం వరంగా వినడం ఎప్పుడు మానేస్తామో!

ఆవిడ కింద ఇంకొక ఆమె ఉంది. వైపిన్ నుంచి రేవు దాటి వచ్చి మూడిళ్ళలో గదులు తుడిచే మనిషి. గదికింత అని కూలి. అతిథులు రాని వానాకాలంలో కూలి లేదు. ఆమె విప్పిన దుప్పట్లు వేళిలోని ధోబీఖానాకి వెళ్తాయి. సైనికుల బట్టలు ఉతకడానికి డచ్చివారు తమిళదేశం నుంచి తెచ్చారని చెప్పుకునే వణ్ణార్ కులస్తులే ఇవాళ్టికీ అక్కడ ఉతుకుతున్నారు. సైనికుడు పోయి యాత్రికుడు వచ్చాడు, ఉతికే కులం మారలేదు. దీన్ని 'వారసత్వం' అని ఫోటోలు తీసుకుంటున్నాం.

మరి కుటుంబం కాని వాళ్ళ మాట? నేనూ ఇద్దరు స్నేహితురాళ్ళూ వేరొకసారి గది అడిగితే ఫోనులో మొదటి ప్రశ్న 'ఫ్యామిలీయేనా?' అని. ముగ్గురు ఆడవాళ్ళం అంటే కాసేపు మౌనం, తర్వాత గదులు ఖాళీ లేవని జవాబు. హైదరాబాదులో 'ఫ్యామిలీస్ ఓన్లీ' అన్న టులెట్ బోర్డుల కింద నిలబడ్డ ప్రతి ఒంటరి స్త్రీకీ ఆ మౌనం పరిచయమే. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకి భృతి ఇవ్వడానికి ఆ పేరుతో గుర్తించింది, ఇంటి యజమానులు మాత్రం ఇంకా గుర్తించలేదు. 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు కోయంబత్తూరు కేసులో పెళ్ళికాని జంట గదిలో ఉండటాన్ని నిషేధించే చట్టమేదీ లేదని చెప్పింది. 2022లో సుప్రీంకోర్టు, ఒక నర్సు ప్రసూతి సెలవు కేసులో, కుటుంబమంటే భార్యాభర్తలూ పిల్లలూ మాత్రమే కాదని, పెళ్ళి లేని సహజీవనాలూ స్వలింగ సంబంధాలూ కూడా కుటుంబాలు కావచ్చని అన్నది. అయినా 2025 జనవరిలో ఓయో సంస్థ పెళ్ళికాని జంటల్ని నిరాకరించే స్వేచ్ఛ మీరట్‌లోని తన భాగస్వామి హోటళ్ళకి ఇచ్చింది. 'కుటుంబం' అనే మాట ఎవరిని లోపలికి రానిస్తుందో, ఎవరిని గుమ్మంలో ఆపుతుందో చెప్పే కాపలా మాటగా పనిచేస్తోంది.

బార్సిలోనా నగరం 2028 నవంబరు నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు 10,101 పునరుద్ధరించబోనని 2024లో ప్రకటించింది. పాతపేటల్లో అద్దెలకుండేవాళ్ళు తరిమివేయబడుతున్నారన్నది అక్కడి గొడవ. ఆ దేశంలోనే హోటలు గదులు శుభ్రం చేసే స్త్రీలు 'లాస్ కెల్లీస్' అని సంఘం పెట్టుకుని గదికింత అనే కూలి పద్ధతికి ఎదురు తిరిగారు. మనం నిషేధం అడగనక్కరలేదు. నేను అడిగేది ఇంతకంటే చిన్నది, కానీ చేదైనది. హోమ్‌స్టే లైసెన్సు మీద, బ్యాంకు ఖాతా మీద ఆ ఇంటి స్త్రీ పేరు కూడా ఉండాలి. తుడిచే మనిషి పేరు, కూలి రేటు రిజిస్టరులో రాయాలి. ఇంటిపనివారి హక్కులపై 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించలేదు. ఇంటిపనివారికి చట్టం సంగతి పరిశీలించడానికి కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పవలసి వచ్చింది. అందాకా ఉన్న చట్టాన్నయినా వాడాలి. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఇల్లు కూడా పనిస్థలమే. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చోట ఫిర్యాదు తీసుకోవలసింది జిల్లాలోని స్థానిక కమిటీ. వై-ఫై పాస్‌వర్డ్ గోడకి అంటించే ప్రతి హోమ్‌స్టేలోనూ ఆ కమిటీ చిరునామా, ఫోను నంబరు కూడా వంటగది గోడకి, ఆ ప్రాంతపు భాషలో, అంటించి ఉండాలి.