సముద్రం వద్దన్న రోజు

మాదాపూరులో సముద్రం లేదు. ఉన్నదల్లా దుర్గం చెరువు. ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీళ్ళిచ్చిన ఆ చెరువు మీద 2020లో తీగల వంతెన వెలిసింది. సాయంత్రమయ్యేసరికి అక్కడ జనమే జనం. పగలంతా అద్దాల మేడలలో కూర్చుని నడుములు పట్టేసిన మన పిల్లలకు కాసిని నీళ్ళు కనిపిస్తే చాలు, ప్రాణం లేచివస్తుంది.

అందుచేతనే కాబోలు, సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అబ్బాయి, కోడలు కలిసి ఒక ప్రకటన చేశారు. విశాఖపట్నం నుంచి భీమిలి దాకా మూడు రోజులు సముద్రపుటొడ్డున కాలినడక. మధ్యలో ఒక పూట సముద్రంలో కయాకు ప్రయాణం. దారి చూపడానికి మనిషి ఉంటాడు. ఇంటిల్లిపాదికీ డబ్బు కూడా కట్టేశారట!

మా ఆవిడ అంతా విని, "నడవడానికి డబ్బు కట్టడమేమిట్రా? మీ తాతగారు డబ్బు లేక నడిచేవారు" అంది.

అందరం నవ్వుకున్నాం. కాని ఆ ప్రశ్నకు సరైన జవాబు మాకు ప్రయాణం రెండో రోజున గాని దొరకలేదు.

ఇటువంటి విహారాలు పాశ్చాత్యులకు కొత్త కాదు. బ్రిటనులో వేల్సువారు 2012లో తమ తీరం పొడుగునా సుమారు 1,400 కిలోమీటర్ల కాలిబాట తెరిచారు. విశాఖ నుంచి భీమిలికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. బస్సులో అయితే గంట ప్రయాణం. మూడు రోజులు నడిస్తేనే దాని రుచి తెలుస్తుంది.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి విశాఖలో దిగాం. మా మార్గదర్శి ఆ తీరంలో పుట్టి పెరిగిన కుర్రవాడు. మొదట నేర్పిన పాఠం నడకే. పొడి ఇసుకలో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. కెరటం తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద నడవాలి. ఎండ ముదరకముందు కొంత, చల్లబడ్డాక కొంత. అలా పడుతూ లేస్తూ మొదటి రోజుకు ఋషికొండ చేరాం. ఆ తీరానికి 2020లో 'బ్లూ ఫ్లాగ్' అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

ఆ రాత్రి కయాకు కథ చెప్పుకున్నాం. ఉత్తర ధ్రువం దగ్గర మంచుసీమలో ఇన్యూట్లు అనే జాతివారు సీలు తోలును చట్రానికి బిగించి, ఒక మనిషి కూర్చునే పడవగా చేసి వేటకు వెళ్ళేవారు. అదే కయాకు. ఇప్పుడు ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. మన జాలరులు దుంగలు పక్కపక్కన చేర్చి తాడుతో కట్టి తెప్ప చేసుకున్నారు. కెరటం తెప్ప మీదుగా పొర్లి, సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. ఇక్కడ దుంగ దొరికింది, అక్కడ తోలు దొరికింది. ఉభయులకూ గురువు మాత్రం సముద్రమే.

రెండో రోజు ఉదయం ఆకాశంలో మబ్బుతునక లేదు. గాలి కూడా అంతంతమాత్రమే. ఋషికొండ నుంచి మంగమారిపేట దాకా కయాకుల మీద వెళ్ళాలని ఏర్పాటు. పన్నెండేళ్ళ మా మనుమరాలు ఆరు గంటలకే లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చుంది. మార్గదర్శి నీటి అంచున పావుగంట నిలబడి వచ్చి, "ఇవాళ పడవ దింపనండీ" అన్నాడు.

మావాడికి కోపం వచ్చింది. "ఇంత ప్రశాంతంగా ఉంటే దింపనంటావేం? డబ్బు కట్టాం, సెలవు పెట్టుకు వచ్చాం. పిల్ల ముఖం చూడు!" అన్నాడు. ఆఫీసులో గడువు అంటే గడువే గదా! అలవాటు ఎక్కడికి పోతుంది?

కుర్రవాడు మాట పెంచలేదు. "పడవ డబ్బు తిరిగి ఇచ్చేస్తానండీ. కాసేపు కెరటాలు లెక్కపెట్టండి" అన్నాడు. లెక్కపెట్టాం. చిన్నవి కొన్ని వచ్చాక, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్దవి వరసగా లేచి, ఒడ్డు దగ్గర విరిగిపడ్డాయి. అప్పుడతను చెప్పాడు: ఇక్కడ గాలి లేకపోయినా, ఎక్కడో వందల మైళ్ళ అవతల వీచిన గాలికి పుట్టిన ఉబ్బు ఇక్కడికి వచ్చి కెరటమవుతుంది. అలా ఒడ్డుకు చేరిన నీరు తిరిగి పోవాలి. అది ఒకచోట ఇరుకు కాలువలా కూడి లోపలికి లాగుతుంది. అక్కడ కెరటాలు అంతగా విరగవు గనుక, కొత్తవారి కంటికి అదే మంచి చోటులా కనిపిస్తుంది!

ఈ మాట పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చెప్పుకోవాలి. ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, బలం ఉడిగిపోతుంది. ముందు తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే తేలుతూనే చెయ్యెత్తి పిలవాలి.

మరొక విచిత్రం. అతను సెల్ ఫోనులో ఆ రోజు కెరటాల సూచన చూపించాడు. అది ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? మన హైదరాబాదు నుంచే! ప్రగతి నగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంవారు పంపేది అది. 1999లో వెలసిన సంస్థ. 2004 సునామీ తరువాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే నెలకొల్పారు. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం మనసు చెప్పేవారున్నారు. వారికి ఇరుగుపొరుగున కాపురముంటూ మాకా సంగతే తెలియదు.

మావాడు ముఖం ముడుచుకునే నడిచాడు. మంగమారిపేట చేరేసరికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. "వేటకు వెళ్ళలేదా, తాతా?" అని మనుమరాలు అడిగింది.

"ఇయ్యాల గంగమ్మ బాగునేదమ్మా. రేపెల్తాం" అన్నాడు.

అంతే. ఆయనకు ఒక రోజు వేట పోతే ఒక రోజు కూడు పోతుంది. ఆయనే దిగనప్పుడు మనమెంత? మావాడు మార్గదర్శి దగ్గరికి వెళ్ళి, "ఏమీ అనుకోకు తమ్ముడూ" అన్నాడు.

ఆ సాయంత్రం తొట్లకొండ ఎక్కాం. రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ విహారమది. నీటికోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు. కొండ మీదినుంచి చూస్తే, పొద్దుట మాకు కనిపించని తెల్లని విరుగుళ్ళు బారులు తీరి కనిపించాయి. మూడో రోజు ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి. ఆ దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందాయి. పిల్లలను వాటి అంచులెక్కి జారనివ్వకండి. భీమిలిలో డచ్చివారి సమాధులు చూశాక, గోస్తనీ నది నిలకడ నీటిలో, సముద్రంలో కలిసే చోటికి బాగా ఎగువన, మా మనుమరాలికి అరగంట కయాకు ప్రాప్తించింది. దానికదే పదివేలు.

ఇటువంటి ప్రయాణం తలపెట్టినవారు అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు విడిచిపెట్టి, చలికాలం చూసుకోండి. లైఫ్ జాకెట్ ఒంటికి సరిపోయిందో లేదో ఒడ్డునే బిగించి చూడండి. చెరువులో తెడ్డు వేసిన అనుభవం సముద్రానికి చాలదని గుర్తుంచుకోండి. డబ్బు కట్టేముందు భోజనం ఏమిటి, బస ఎక్కడ అని అందరూ అడుగుతారు. మీరు ఇంకొకటి అడగండి: "సముద్రం బాగులేకపోతే ఏం చేస్తారు? అప్పుడు డబ్బు మాటేమిటి?" పడవ దింపితేనే కూలి గిట్టే మనిషికి 'వద్దు' అనడం కష్టం. నష్టపోయి కూడా వద్దనగల మనిషి దొరికితే, అతని వెంట నిశ్చింతగా నడవండి.

ఇల్లు చేరాక మా ఆవిడ కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ, "అయితే మనం డబ్బు కట్టింది నడవడానికి కాదన్నమాట" అంది.

"మరి దేనికి?" అన్నాను.

"అడ్డం పడి ఆపడానికి. ఇంట్లో ఆ పని నేను ఊరికే చేస్తున్నాను. ఒక్కరూ వినరు!"