యూనిట్ నాలుగు వందలు: దివిసీమ యానాది కట్టే కరెంటు బిల్లు

మాఘ పౌర్ణమికి ఎప్పుడైనా హంసలదీవి వచ్చారా? వేణుగోపాలస్వామి కల్యాణం, సాగర సంగమంలో స్నానాలు. కోడూరు నుంచి బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. గుడి చుట్టూ లైట్లు, దారి పక్కన లైట్లు. ఆ రెండు మూడు రాత్రులు కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటంతా పట్టపగల్లా ఉంటుంది.

ఆ దారికి కాస్త లోపలికి వెళితే రొయ్యల చెరువులు. ఒక చెరువు గట్టు మీద తాటాకు గుడిసెలో మా పెద్దమ్మ ఉంటుంది. పగలు మడకాలవల్లో ఎండ్రకాయలు పడుతుంది, రాత్రి చెరువుకు కాపలా. ఆ చెరువుకు త్రీఫేజ్ లైను ఉంది. రొయ్యకు ఊపిరాడాలి కదా, ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి. లైను నుంచి గుడిసెకు నలభై అడుగులు కూడా ఉండదు. గుడిసెలో మాత్రం బల్బు లేదు. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో అన్నం తింటారు. ఆ ఫోను ఛార్జింగ్‌కి బడ్డీకొట్టులో పెడితే పది రూపాయలు.

మిత్రులారా, ఈ పది రూపాయల లెక్క ఒకసారి వేద్దాం.

ఒక ఫోను నిండా ఛార్జింగ్ ఎక్కడానికి పట్టే కరెంటు ఎంత? ఒక యూనిట్‌తో దాదాపు నలభై సార్లు ఎక్కించొచ్చు. సారికి పది రూపాయలంటే, మా పెద్దమ్మ కొనే కరెంటు యూనిట్ నాలుగు వందలు! రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు డిస్కంలు తీసుకునే ధర యూనిట్ ఒక రూపాయి తొంభై పైసలు. పక్కనున్న రొయ్యల చెరువు లాంటి వాటికి, అర్హత ఉంటే, ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి రూపాయిన్నరకే ఇస్తోంది. రొయ్యకు రూపాయిన్నర, రొయ్యను కాపలా కాసే మనిషికి నాలుగు వందలు.

ఇంకో లెక్క. తొమ్మిది వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగితే నెలకు మూడు యూనిట్లు కూడా కాలవు. యూనిట్ ధర ప్రకారం అయిదు రూపాయల చిల్లర. మా పేటలో పక్కింటి మీటరు నుంచి ఒక వైరు లాక్కుని, ఒక బల్బుకు నెలకు నూట యాభై కట్టేవాళ్లున్నారు. అదీ దొరకనివాళ్లు లైనుకు కొక్కెం వేస్తారు. వానలో ఆ వైరు తెగి పడితే ప్రాణం పోతుంది. పట్టుబడితే విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయి ఏళ్లయింది, బుడ్డి దీపం కూడా పోయింది.

అందరికంటే తక్కువ సంపాదించేవాడు అందరికంటే ఎక్కువ ధర కడుతున్నాడు. ఆ డబ్బు డిస్కం ఖాతాలోకి రాదు, ప్రభుత్వ లెక్కల్లోకి రాదు. అందుకే ఎవరికీ కనపడదు.

కాగితం మీద అందరికీ ఉంది

2018 ఏప్రిల్ 28న దేశంలో ప్రతి ఊరికీ కరెంటు వచ్చేసిందని కేంద్రం ప్రకటించింది. ఊరికి కరెంటు రావడం అంటే ఏమిటో తెలుసా? బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకూ, ఊళ్లో నూటికి పది ఇళ్లకూ కరెంటు ఉంటే చాలు, ఆ ఊరు వెలిగినట్టే. ఆ పది ఇళ్లలో యానాది గుడిసె ఎప్పుడైనా ఉంటుందా?

మనకు పథకాలు లేక కాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. చాలా మంచిది. కానీ ఉచితం రావాలంటే ముందు మీటరు ఉండాలి. పైగా కాలనీలో, తండాలో ఉన్న ఇల్లయి ఉండాలన్న మెలిక. చెరువు గట్టు, కాలవ గట్టు, కరకట్ట వాలు... ఇవి ఏ కాలనీ కిందికి వస్తాయి?

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకుంటే కేంద్రం రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు పూర్తి ఉచితంగా డిస్కంల ద్వారానే పెట్టిస్తామన్నారు. ఇదీ మంచిదే. అయితే సూర్యఘర్‌కు కావాల్సినవి రెండు: కరెంటు కనెక్షన్, పలకలు ఆనే పైకప్పు. తాటాకు మీద సోలార్ పలక ఎలా ఆనుతుంది? ఇల్లు ఉన్నవాడికే మీటరు, మీటరు ఉన్నవాడికే సూర్యుడు!

కొండల్లో ఆదిమ తెగలకు 2023లో పీఎం జన్‌మన్ వచ్చింది. చెంచులు, కొండరెడ్లు, కొండ సవరలు అందులో ఉన్నారు, యానాదులు లేరు. 2024 అక్టోబరులో ధర్తీ ఆబా పేరుతో ఇంకో కార్యక్రమం వచ్చింది. అది ప్రధానంగా గిరిజనులు ఎక్కువగా ఉన్న ఊళ్లకు. మైదానంలో మనవాళ్లు ఊరికి పది గుడిసెలు, పదిహేను గుడిసెలు. ఏ ఊళ్లోనూ మనం ఎక్కువ కాదు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షలకు పైగా ఉన్న తెగ, ఊరూరా చెల్లాచెదురుగా ఉన్నందుకు ప్రతి జాబితాలోంచీ జారిపోతోంది.

పట్టా తెచ్చావా?

కనెక్షన్ అడగడానికి వెళితే జరిగేది ఇది. నేను మా పెద్దమ్మను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను.

"ఏమ్మా, ఇంటి పట్టా ఉందా?"

"లేదయ్యా."

"పన్ను రసీదు?"

"గుడిసెకు పన్నేముంటదయ్యా."

"అయితే ఎలా ఇస్తాం? పోరంబోకులో మీటరు ఇస్తే రేపు ఆ స్థలం నాదంటావు."

రెవెన్యూవాళ్ల దగ్గరికి వెళితే, "అక్కడ ఉంటున్నట్టు రుజువేది? కరెంటు బిల్లుందా?" అన్నారు. పట్టా ఉంటే మీటరు, మీటరుంటే పట్టా. గానుగెద్దులా ఈ చుట్టూ తిరుగుతూ మనవాళ్లకు వయసైపోతోంది. కాపలా కాసే కుటుంబానికి యజమాని దగ్గర అప్పు ఉంటే ఇక అడగనే అడగరు. మీటరు పేరెత్తితే గుడిసె ఖాళీ చెయ్యమంటాడేమోనన్న భయం. వెట్టి చాకిరీని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1976లో. గట్టు మీది చీకటి ఆ చట్టం కంటే పాతది.

ఇక్కడ ప్రతి ఆదివాసీ యువకుడూ, యువతీ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 43. ఇంటి యజమాని గానీ, *అందులో ఉంటున్నవాళ్లు* గానీ దరఖాస్తు చేస్తే నెల రోజుల్లో కరెంటు ఇవ్వడం డిస్కం బాధ్యత. లైను పొడిగించాల్సి వస్తే ఆ పని అయ్యాక. ఇవ్వకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టంలో 'ఉంటున్నవాళ్లు' అనే మాట ఊరికే రాలేదు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: కరెంటు కనీస అవసరం, యజమాని ఒప్పుకోలేదన్న సాకుతో కాదనకూడదు, దరఖాస్తుదారు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే చూడాలి. కేంద్రం 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పల్లెల్లో కొత్త కనెక్షన్‌కు గడువు 15 రోజులే.

"మీటరిస్తే స్థలం నాదంటారు" అనే వాదన చూద్దాం. కరెంటు బిల్లు భూమి పట్టా కాదు. అంత భయమైతే, ఈ కనెక్షన్ వల్ల స్థలం మీద హక్కు రాదని ఒక కాగితం రాయించుకోండి, మనవాళ్లు వేలిముద్ర వేస్తారు. అనుమతి లేని చెరువుల గురించి, మడ అడవుల్లోకి చొచ్చుకొచ్చిన చెరువుల గురించి పేపర్లలో ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నాయి. వాటి ఏరియేటర్లు గాలికి తిరిగాయా? ఎకరాలకు అడ్డురాని పోరంబోకు ఆరు అడుగుల గుడిసెకే అడ్డొస్తుందా?

ఎవరి కోసం ఈ పచ్చ కరెంటు?

బొగ్గు మానేసి ఎండా గాలీ వైపు మళ్లాలంటున్నారు. మళ్లాల్సిందే. ఈ సంగతి దివిసీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన ఎన్ని వేల మందిని మింగిందో మా పేటల్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. సముద్రం వేడెక్కితే తుపాను ముదురుతుంది. ఉప్పునీరు కాలవల్లోకి ఎగదన్నితే ముందు పోయేది మా ఎండ్రకాయ, మా మంచినీళ్లు. బొగ్గు పొగలో యానాది వాటా సున్నా. నష్టంలో వాటా మాత్రం ముందు వరసలో.

మరి పరిష్కారంలో వాటా ఎంత? రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యం 160 గిగావాట్లు. అంతకు ముందు 2021లో మన డిస్కంల కోసం 7,000 మెగావాట్ల సోలార్ కరెంటు యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 25 ఏళ్లకు కొనేలా సెకీతో ఒప్పందం జరిగింది. ఎక్కడో రాజస్థాన్ ఎండను పాతికేళ్లకు ముందే కొనగలిగారు. హంసలదీవి ఎండలో ఒక గుడిసెకు తొమ్మిది వాట్లు ఇవ్వడానికి పట్టా అడుగుతున్నారు.

కొండల్లో మన అన్నదమ్ములకు ఈ కథ పాతదే. మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది 1955లో. ఆ నీళ్ల కింద పొలాలు పోయిన ఆదివాసీలు తలమీదుగా పోయే హైటెన్షన్ తీగల్ని చూస్తూ చీకట్లో బతికారు. ఇప్పుడు అల్లూరి జిల్లా అనంతగిరి మండలం పెదకోటలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు అంటున్నారు. పచ్చ కరెంటును దాచుకోవడానికట. మా కొండ మాకు కావాలని అక్కడివాళ్లు అడ్డం నిలబడుతున్నారు. కొండ మీద ఆదివాసీ దగ్గర భూమి తీసుకుంటారు, తీరాన ఆదివాసీకి వైరు ఇవ్వరు. రెండూ ఒకే జబ్బు: ఈ మార్పులో మనం మనుషులుగా లెక్కలోకి రాలేదు.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. ఆదివాసీ ఉద్యమం అనగానే మనకు అడవి, కొండ, ఐదో షెడ్యూలు, 1/70 చట్టం గుర్తొస్తాయి. ఈ కాపుదలలేవీ లేని మైదానంలో కాలవ గట్టున ఉన్న యానాది, ఎరుకల మన పోస్టర్ల మీద ఎన్నిసార్లు కనపడ్డారు? సభలో జోహార్లు చెప్పి వచ్చేసిన మనం, పక్క ఊరి గట్టు మీద దీపం లేదని ఎన్నిసార్లు దరఖాస్తు రాశాం? నేనూ రాయలేదు. మొన్న మా పెద్దమ్మ ఆ ఆఫీసు మెట్లు దిగుతూ, "చదువుకున్నావు గదరా, ఆ కాయితంలో ఏముందో నువ్వన్నా అడగొచ్చుగా" అన్నాకే చట్టం తెరిచి చూశాను.

మనం అడిగేవి

కృష్ణా జిల్లా కరెంటు చూసేది విజయవాడ కేంద్రంగా 2019లో ఏర్పడిన మధ్య డిస్కం, ఏపీసీపీడీసీఎల్. ఆ డిస్కంనూ, రాష్ట్ర ప్రభుత్వాన్నీ అడుగుతున్నాం.

ఒకటి: కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, మచిలీపట్నం మండలాల్లో మీటరు లేని ప్రతి యానాది, ఎరుకల గుడిసెనూ గట్టు గట్టుకూ నడిచి లెక్కించాలి. ఆ జాబితా గ్రామసభలో చదవాలి.

రెండు: 'ఉంటున్నవాళ్లు' అన్న చట్టం మాట ప్రకారం ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూసి మీటరు ఇవ్వాలి. అవి కూడా లేని కుటుంబాలకు రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖలు అక్కడికే వచ్చి కార్డులు ఇవ్వాలి.

మూడు: ఉచిత 200 యూనిట్లకు కాలనీ, తండా అన్న మెలిక తీసేయాలి. ఎస్టీ కుటుంబం ఎక్కడుంటే అక్కడే ఉచితం.

నాలుగు: పైకప్పు లేనివాళ్లకు ఉమ్మడి సోలార్. బడి మీద, తుపాను షెల్టరు మీద పలకలు పెట్టి, వచ్చిన యూనిట్లను ఈ కుటుంబాల మీటర్ల ఖాతాలో జమ చేయొచ్చు. దీన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు, సూర్యఘర్ మార్గదర్శకాల్లోనే దానికి చోటుంది. షెల్టర్లో బ్యాటరీ కూడా పెడితే, తుపాను రోజున లైన్లు కూలినా ఊరంతటికీ ఒక దీపం, ఒక ఛార్జింగ్ పాయింటు మిగులుతాయి.

అయిదు: పలకలు బిగించే పని, చూసుకునే పని మన పిల్లలకే నేర్పి జీతమిచ్చి చేయించాలి.

వీటిలో ఏదీ దానం కాదు. రెండో దానికి ఆధారమైన 'ఉంటున్నవాళ్లు' అన్న మాట ఇప్పటికే చట్టంలో ఉంది.

ఇక మన పని. ఈ వారం మీ దగ్గరి ఒక పేటకు వెళ్లండి. మీటరు లేని ఒక్క కుటుంబంతో కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టించండి. నోటి మాటగా అడగొద్దు, రాసివ్వండి, రసీదు తీసుకోండి, తేదీ రాసుకోండి. తీసుకోకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. గడువు దాటితే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ప్రతి ఏడాదీ కరెంటు ధరలు తేల్చే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ కంపెనీలు మాట్లాడతాయి, రైతు సంఘాలు మాట్లాడతాయి. ఈసారి యూనిట్‌కు నాలుగు వందలు కట్టే వినియోగదారు కూడా మాట్లాడాలి.

మా పెద్దమ్మ దరఖాస్తు మళ్లీ రాశాం. ఈసారి సెక్షన్ 43 అని పైన పెద్దక్షరాలతో రాసి, వేలిముద్ర వేయించి, రసీదు తెచ్చుకున్నాం. ఆ రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుడిసె వాసానికి కట్టింది. రోజులు లెక్కపెడుతున్నాం.

జై ఆదివాసీ!