పంపు పోయింది సార్!

మా మేళ్లచెరువు శివరాత్రి జాతర గురించి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. శంభులింగేశ్వరస్వామి గుడి, ఎడ్ల పందేలు, ఇసకేస్తే రాలనంత జనం. ఆ జనం మధ్యలో మా నాన్నగారి 2006 మోడల్ సుమోని ముందుకీ వెనక్కీ తిప్పి ఓ పక్కన పెట్టబోతే స్టీరింగు రాయిలా బిగుసుకుంది. దానికి తోడు "కూఁ" అని ఒక మూలుగు. బండ లాగే ఎడ్లకన్నా నాకే ఎక్కువ చెమట పట్టిందంటే నమ్మండి.

మర్నాడు దగ్గర్లోని టౌన్లో ఓ గ్యారేజీకి తీసికెళ్లాను. కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయమని, అరనిమిషం విన్నాడు. "పంపు పోయింది సార్, మార్చేద్దాం." అంతే. ఆయిలు డబ్బా మూత తీయలేదు, బెల్టు మీద వేలు పెట్టలేదు. నేనూ ఏదో తెలిసినవాడిలా తలూపాను. ఎనిమిది వేలు వదిలాయి. మూడు వారాలు బాగానే ఉంది, నాలుగో వారం మళ్లీ "కూఁ". మళ్లీ వెళితే ఏమన్నాడో తెలుసా? "ఈ పంపు కూడా పోయింది సార్. మార్కెట్లో డూప్లికేట్లు ఎక్కువైపోయినయ్."

అప్పుడు మండింది నాకు. ఇప్పటికీ చల్లారలేదు లెండి.

ఇదేమన్నా రాకెట్టా? ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1926లోనే కారుకి హైడ్రాలిక్ పవర్ స్టీరింగు పెట్టి చూపించాడు. 1951లో క్రైస్లర్ వాళ్లు ఇంపీరియల్ కారుకి పెట్టి అమ్మారు. ఇంజన్ నుంచి వచ్చే బెల్టు పంపుని తిప్పుతుంది. పంపు లోపల గాడుల్లో జారే చిన్న చిన్న రేకులుంటాయి. అవి డబ్బాలోని ఆయిలు పీల్చి 80 - 100 బార్ల దాకా ఒత్తిడితో తోస్తాయి. కారు టైర్లో గాలికన్నా ముప్పై రెట్ల పైమాటే. ఆ రేకులు అరక్కుండా కాపాడేది కూడా ఆ ఆయిలే. కాబట్టి ఆయిలు తగ్గినా, అందులో గాలి కలిసినా ముందు అరిచేది పంపే. అరిచినవాడే దొంగ అనుకుంటే ఎలాగండీ? దెబ్బ తిన్నవాడూ అరుస్తాడు కదా!

చివరికి మా ఊళ్లోనే సిమెంటు ఫ్యాక్టరీల లారీలు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గరికి తీసికెళ్లాను. ఆయన ముందు డబ్బా మూత తీశాడు. లోపల సబ్బు నీళ్లలా నురగ.

"గాలి గుంజుతున్నది సారూ. పంపేం జేస్తది పాపం?"

డబ్బా నుంచి పంపుకి పోయే రబ్బరు గొట్టం ఎండి గట్టిపడి, క్లిప్పు దగ్గర సన్నగా పగిలింది. బయటికి కాస్త చెమ్మ తప్ప ఏమీ కారదు. ఇంజన్ నడిచేటప్పుడు మాత్రం అక్కణ్ణించి గాలి పీలుస్తుంది. డబ్బా అడుగున జాలీ నల్లటి మడ్డితో సగం మూసుకుపోయి ఉంది. అది మొదటి పంపు అరిగి రాల్చిన పొడి! మన గ్యారేజీవాళ్లు పాత ఆయిలు తీసి కడక్కుండానే కొత్త పంపు బిగించేశారన్నమాట. అంటే కొత్త పంపు మొదటి రోజు నుంచీ తాగుతున్నది పాత పంపు మడ్డినే.

కొత్త గొట్టం, రెండు క్లిప్పులు, జాలీ శుభ్రం, కొత్త ఆయిలు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, బుడగలు ఆగేదాకా స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరికి నాచేతే తిప్పించాడు. అంతా కలిపి పదకొండు వందలు. "పోయిన" ఆ రెండో పంపు ఇవాళ్టికీ మూలుగు లేకుండా తిరుగుతోంది.

"అమెరికాలోనూ మార్చేస్తారు కదా" అని మా కొలీగ్ వాదన. అక్కడ గంట కూలీయే ఎక్కువ, కాబట్టి వెతకడం కన్నా మార్చడమే వాళ్లకి లాభం. అయినా అక్కడ చాలాచోట్ల పాత పంపు వెనక్కిస్తేనే కోర్ డిపాజిట్ తిరిగిస్తారు, దాన్ని బాగుచేసి మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి. మన దగ్గర చేతిపని చవక, సామాను ఖరీదు. లెక్కే తిరగబడితే జవాబు మాత్రం అదే ఎలా వస్తుంది? మేం సాఫ్టువేరువాళ్లం తక్కువేం కాదనుకోండి, సర్వర్ పడితే రీస్టార్ట్ చేసి టికెట్ మూసేస్తాం. కానీ మా దగ్గర కనీసం రూట్ కాజ్ అని ఓ కాగితం నింపాలి. అబద్ధమైనా సరే, నింపాలి!

తప్పంతా గ్యారేజీదే అననులెండి. గంటసేపు వెతికి గొట్టం మారిస్తే "గొట్టానికి ఇంతా?" అని బేరమాడతాం. అరనిమిషం విని పంపు పోయిందంటే ఎనిమిది వేలు నోరెత్తకుండా ఇస్తాం. వెతికితే డబ్బులివ్వం, మారిస్తే ఇస్తాం. మరి వాడు మార్చక ఏం చేస్తాడు? ఆ పెద్దాయన కూలీ నాలుగొందలు అడిగితే నేను మూడొందలు ఇవ్వబోయాను. నాన్న అక్కడే, అందరి ముందే తిట్టారు.

తర్వాత ఆ గ్యారేజీకి వెళ్లి నా పాత పంపు నాకిచ్చేయమన్నాను, అసలు ఎంత అరిగిందో విప్పి చూద్దామని. "పాత సామాన్లో పోయింది సార్" అన్నాడు కుర్రాడు. ఎవరికి అమ్మారు, ఎంతకి అమ్మారు అంటే, పక్కవాడి మొహం చూశాడు.