అంకెల్లో గెలిస్తే మంచి బండేనా?

స్పోర్ట్స్ బైకు కొనాలనుకునే కుర్రాడికి మన దగ్గర అందరూ ఇచ్చే సలహా ఒకటే: పవర్ ఎంత, ఫీచర్లు ఎన్ని, రేటెంత అని పక్కపక్కన పెట్టి చూసుకో. కేటీఎం ఆర్‌సీ 390 ముందు యమహా ఆర్3 దండగ అని చాలామంది తేల్చేసింది ఆ లెక్కతోనే. ఆ తీర్పు తప్పు, తీర్పు చెప్పే పద్ధతి అంతకంటే తప్పు.

వాళ్లు చూపే అంకెలే చూద్దాం. ఆర్‌సీది 373 సీసీ, 43.5 పీఎస్. ఆర్3ది 321 సీసీ, 42 పీఎస్. బరువులో తేడా మూడు కిలోలు. ఈ లెక్కన రెండూ కవలలే. ఒకదాని మీంచి దిగి రెండోది ఎక్కినవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఆ పవర్ ఎక్కడ అందుతుందన్నదే అసలు సంగతి. ఆర్‌సీలో ఉన్నది 89 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్ ఒక్కటే. 37 న్యూటన్ మీటర్ల టార్క్ 7,000 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది. ఆర్3లో రెండు చిన్న పిస్టన్లు. ఒకటి పైకి పోతుంటే రెండోది కిందికి దిగుతుంది. టార్క్ 29.5, అదీ 9,000 దగ్గర. పూర్తి పవర్ కావాలంటే 10,750 దాకా లాగాలి.

అరకు ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు దాటి రెండో గేర్లో థ్రాటిల్ తిప్పండి. ఆర్‌సీ వెంటనే లాగుతుంది, వెనక టైరు రోడ్డును తన్నుతున్నట్టు తెలుస్తుంది. ఆర్పీఎం బాగా పడిపోతే మాత్రం చెయిన్ కొట్టుకుంటుంది, బండంతా అదురుతుంది, క్లచ్ పట్టక తప్పదు. థ్రాటిల్ ఒక్కసారిగా వదిలితే ఇంజనే బ్రేకు వేసినట్టు లాగి పట్టుకుంటుంది. ఆర్3 అదే చోట బద్ధకంగా కదులుతుంది. గేరు దించి, ఆర్‌పీఎం పైకెక్కేదాకా ఓపిక పట్టినవాడికే పరుగు చూపిస్తుంది. కానీ కొత్తవాడు మలుపు మధ్యలో తడబడి థ్రాటిల్ మూసినా అంతగా కుదపదు. ఈ గుణానికి స్పెసిఫికేషన్ పట్టికలో గడి లేదు.

విజయవాడ హైవే మీద వంద స్పీడులో గంటల తరబడి వెళ్లేటప్పుడు ఆర్‌సీ హ్యాండిల్లో, ఫుట్‌రెస్టుల్లో సన్నని అదురు చేతులకూ కాళ్లకూ ఎక్కుతుంది. ఆర్3 నున్నగా పోతుంది. హ్యాండిల్ కాస్త ఎత్తులో ఉండటంతో మణికట్ల మీద బరువూ తక్కువే.

ఆర్‌సీ వైపు వాదనలో బలం లేదనను. క్విక్‌షిఫ్టర్, ట్రాక్షన్ కంట్రోల్, మలుపులోనూ పనిచేసే ఏబీఎస్ దానికున్నాయి. 2023 డిసెంబరులో మన దగ్గరికి వచ్చిన ఆర్3కి లేవు. పైగా అప్పుడు ఆర్3 ధర లక్షకు పైగా ఎక్కువ. వానాకాలంలో ఆ ఏబీఎస్ ప్రాణం కాపాడగలదు, డబ్బు కూడా చిన్న విషయం కాదు. వీటిని చూసి ఆర్‌సీ కొనేవాణ్ని నేను తప్పుపట్టను. ఒకటిన్నర పీఎస్ ఎక్కువుందని కొనేవాడితోనే నా పేచీ. ఆ చివరి పీఎస్ వాడే రోడ్డేది? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు కూడా.

ఘాట్లు, ఇరుకు సందులు, ఉరకలు కావాలంటే ఆర్‌సీ. దూరాలు, నున్నని ఇంజను, తప్పును ఓర్చుకునే బండి కావాలంటే ఆర్3. షోరూంలో వీధి చివరిదాకా ఇచ్చే టెస్ట్ రైడుతో సరిపెట్టుకోకండి. ఒక ఫ్లైఓవరు, ఒక గతుకుల రోడ్డు, కొంత ట్రాఫిక్ ఉండే దారిలో రెండు బండ్లూ ఒకే రోజు నడిపి, ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.