భీమిలి రోడ్డు మీద ఆదివారం

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి విశాఖ బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటాలంటే ఓపిక కావాలి. కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు కదులుతుంటాయి. సగానికి పైగా కార్లకు అద్దాలు ఎక్కించే ఉంటాయి, లోపల ఏసీ. సముద్రపు గాలి కోసం బయల్దేరినవాళ్లు ఆ గాలిని బయటే నిలబెట్టి కూర్చుంటారు. మొన్న అలాగే ఇరుక్కుపోయినప్పుడు, అసలీ జనాన్నంతా ఇక్కడికి పిలిచిందెవరా అని ఆలోచించాను. నా లెక్కలో మొదటి పిలుపు సినిమా దర్శకుడు బాలచందర్‌ది.

1978లో ఆయన ‘మరో చరిత్ర’ వచ్చింది. నలుపు తెలుపు సినిమా. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, విశాఖ, భీమిలి తీరాలు. డబ్బింగ్ లేకుండా తెలుగులోనే మద్రాసు సఫైర్ థియేటర్‌లో ఏడాదిన్నరకు పైగా ఆడింది. అప్పటిదాకా బయటివాళ్లకు విశాఖ అంటే ఒక రేవు, ఓడలు కట్టే చోటు. సినిమా చూశాక అది ప్రేమికులు పరుగెత్తే ఇసుక అయింది. మా ఇంట్లో పెద్దవాళ్లు సముద్రానికి వెళ్లేది రెండే పనుల మీద: పర్వదినాన స్నానానికి, లేదంటే అస్థికలు కలపడానికి. ఏ పనీ లేకుండా వెళ్లి, ఒడ్డున కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి రావచ్చునని మా ఈడువాళ్లకు నేర్పింది సినిమాయే. తర్వాత జంధ్యాల తన సినిమాల్లో చాలావాటిని విశాఖలోనే తీసి ఆ అలవాటును ముదరబెట్టారు.

అదే కథను అదే దర్శకుడు, అదే హీరో కమల్ హాసన్‌తో 1981లో హిందీలో తీశారు. ‘ఏక్ దూజే కే లియే’. ఈసారి రంగుల్లో, కథ గోవాలో. పణజి పక్కనున్న డోనా పౌలా జెట్టీకి వెళ్తే ఇవాళ్టికీ ఆ సినిమా పేరు చెప్పకుండా గైడు నోరు విప్పడు. కథ మనది, కలెక్షన్ గోవాది అని కొన్నాళ్లు కుళ్లుకున్నాను. నిజానికి కుళ్లుకోవాల్సిందేమీ లేదు. తెర మీద సముద్రాన్ని చూపిస్తే చాలదు, చూసినవాడు అక్కడికి చేరే దారి ఉండాలి, చేరాక ఉండడానికి గది ఉండాలి. గోవాకు అవి అప్పటికే ఉన్నాయి. మనకు అంబాసిడరో ఫియటో బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. భీమిలికి బస్సే గతి.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. బ్యాంకు ఉద్యోగి, లెక్చరరు, చిన్న కాంట్రాక్టరు దాన్ని కొనగలిగే నాటికి ఇంకో పదేళ్లు పట్టింది. అంటే బాలచందర్ పిలిచిన జనం పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చారన్నమాట. కారును తిట్టడం తేలికే కానీ, అది చేసిన మేలూ చెప్పుకోవాలి. మోకాళ్ల నొప్పుల నాయనమ్మను సముద్రం దాకా తీసుకెళ్లింది కారే. పులిహోర గిన్నె, చాప, మంచినీళ్ల క్యాను, ముగ్గురు పిల్లలు అందులోనే పట్టారు. ఆఖరి బస్సు వెళ్లిపోతుందేమోనన్న బెంగ లేదు. మొక్కజొన్న పొత్తులవాళ్లు, మురీ మిక్చర్ బళ్లవాళ్లు నాలుగు రాళ్లు సంపాదించుకున్నదీ ఆ కార్లు ఆగినందువల్లే.

అయితే సినిమా చూపించిన చోటే కారు ఆగుతుంది. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. అక్కడ డచ్చివాళ్ల సమాధులున్నాయి, పాత దీపస్తంభం ఉంది. దారిలో తొట్లకొండ మీద రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం ఉంది. అక్కడ రద్దీ ఎప్పుడైనా చూశారా? ఎర్రమట్టి దిబ్బలు మాత్రం పాటల్లో కనిపించాయి కాబట్టి కిటకిటలాడతాయి. ఇప్పుడైతే పెళ్లికి ముందే ప్రతి జంటకూ ఒక సినిమా కావాలి. ఫోటోగ్రాఫరు, డ్రోను, అద్దెకు తెచ్చిన గౌను, వీలైతే అద్దెకు తెచ్చిన కారు కూడా. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన దిబ్బలవి. వేల ఏళ్లుగా గాలి, నీరు పేర్చిన మట్టిని మనం చెప్పులతో, చక్రాలతో దించేస్తున్నాం. మంగమారిపేటలో జాలర్లు వలలు ఆరబెట్టుకుంటుంటే, ఫ్రేములో అడ్డొస్తున్నాయి, కాస్త పక్కకు తీయమని అడిగినవాణ్ని నేనే చూశాను. తెప్ప ఉండొచ్చట, వల మాత్రం వద్దట!

ఈ దారి చివర ఏముందో ఫ్రాన్సులో సెయింట్ ట్రోపే చెబుతుంది. ఒకప్పుడు చిత్రకారులకూ జాలర్లకూ తప్ప పెద్దగా ఎవరికీ పట్టని రేవు అది. తీరం వెంట నడిచిన చిన్న రైలును 1949 నాటికే మూసేశారు. 1956లో అక్కడ తీసిన దర్శకుడు రోజె వదీమ్ సినిమాతో నటి బ్రిజిత్ బార్డో పేరూ ఆ ఊరి పేరూ ఒక్కసారే మోగిపోయాయి. షూటింగ్ వాళ్లు ఒడ్డున ఒక కుటుంబం ఉంటున్న పాకను హోటలనుకుని భోజనం పెట్టమన్నారనీ, అదే పెరిగి పెద్దవాళ్లు తినే క్లబ్ 55 అయిందనీ చెబుతారు. జనం కార్లలో విరుచుకుపడ్డారు, రైలు లేదు కాబట్టి కార్లలోనే. ఊళ్లోకి వెళ్లే దారి సన్నం. ఇప్పటికీ ఆగస్టులో ఆ కాస్త దూరానికి గంటలు పడుతుంది. తెలిసినవాళ్లు కారును అవతలి ఊళ్లో వదిలి పడవెక్కుతారు.

మన రోడ్డు వాళ్లదంత సన్నం కాదు, అందుకే ఇంకా కళ్లు తెరవలేదు. జనం పెరిగినప్పుడల్లా రోడ్డు వెడల్పు చేయాలంటారు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఏ పక్కకు వెడల్పు చేస్తారు?

స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే సిటీ బస్సు ఉంది, నంబరు 900కే. మొన్న నేనున్న కారు పక్కనే అదీ ఇరుక్కుని నిలబడింది. అందులో అరవై మంది, నా కారులో నేనొక్కణ్నే. ముందు సిగ్గుపడాల్సింది నేను, ఒప్పుకుంటున్నాను. అధికారులను కోరేది ఒక్కటే: సెలవు రోజుల్లో సాయంత్రం పూట కార్లను రుషికొండకు ఇవతలే ఆపించి, అక్కడి నుంచి పది నిమిషాలకొక 900కే నడిపించండి. ముందు ఒక్క నెల నడిపి చూడండి. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడానికి నేను సిద్ధం.

— తీరవాసి