నాన్నగారి బుల్లెట్టుకు ఊపిరి ఎక్కడ పోవుచున్నది?



గోదావరి జిల్లాలోని ఒక పల్లె నుండి ఒక తమ్ముడు మాకు ఉత్తరము వ్రాశాడు. తండ్రిగారు వాడిన పాత బుల్లెట్టు 350 రెండేండ్లుగా పశువుల పాకలో నిలిచిపోయినదట. తండ్రిగారు ఇప్పుడు లేరు. కిక్కరు తొక్కితే కాలికి బరువు తగలకుండ జారిపోవుచున్నది. టౌను నుండి వచ్చిన మేస్త్రి బోరు చేయించి కొత్త పిస్టను వేయవలెనని, కనెక్టింగు రాడ్డు కూడ మార్చవలెనని చెప్పి పెద్ద మొత్తమే అడిగాడు. అదే నెలలో చెల్లెలి కాలేజీ ఫీజు కట్టవలసియున్నది. పాత ఇనుము కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడు. "అమ్మేద్దామని అమ్మ అంటున్నది. ఏమి చేయమంటారండీ?" అని అడిగాడు.

మా జవాబు ముందే చెప్పుచున్నాము. తమ్ముడూ, ఇప్పుడే అమ్మవద్దు. ఇప్పుడే బోరు కూడ చేయించవద్దు. కంప్రెషను లేదనుట నిజమే గాని, అది ఏ దారిన పోవుచున్నదో ఎవరూ చూడలేదు. చూడకుండానే బోరు అనుట, జ్వరము వచ్చిన ప్రతివానికి ఆపరేషను చెప్పినట్లున్నది.

ఈ బండి సంగతి కొంచెము తెలిసికొనుట మంచిది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనది. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను ఇక్కడ బిగించేవారు, తరువాత ఇక్కడే తయారు చేశారు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తము 346 సీసీ. ఇనుప బారెలు, పైన అల్యూమినియం హెడ్డు, కుడి ప్రక్కన క్రింది నుండి పైకి పోయే రెండు పుష్ రాడ్లు. ఈ పద్ధతి ఇంచుమించు 2010 వరకు సాగినది. 2009లో వచ్చిన క్లాసిక్ వంటి బండ్లలో టాపెట్టు తనంతట తానే సర్దుకొనే హైడ్రాలిక్ ఏర్పాటు కలదు. ఇక్కడ చెప్పేది వాటికి వర్తించదు. పాత ఇంజను మన చేతిమీద ఆధారపడినది. అదే దాని కష్టము, అదే దాని సుఖము కూడ.

వాల్వు చేసే పని ఎంతటిదో ఒక లెక్క చెప్పెదము. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు ఒకసారి తెరచుకొనును. నిమిషమునకు 3000 చుట్లు తిరిగే ఇంజనులో అది 1500 సార్లు, గంటకు 90,000 సార్లు. తెరచిన ప్రతిసారి మరల సీటు మీద గట్టిగా కూర్చోవలెను. ముఖ్యముగా ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో ఎక్కువ భాగమును సీటు మీద కూర్చున్న ఆ క్షణములోనే హెడ్డుకు అప్పగించును. సరిగా కూర్చోని వాల్వు వేడిని వదలలేక అంచు కాలి, గంటు పడును. ఆ గంటులో నుండి మంట కోసుకుంటూ పోవును.

ఇప్పుడు వెతుకుట ఎట్లు? ఖర్చు లేని చోటనే మొదలుపెట్టవలెను.

ఎడమ హ్యాండిలు మీద చిన్న డీకంప్రెషరు లివరు ఉన్నది గదా, దాని కేబులు చూడండి. కేబులులో కొంచెమైనా సడలింపు ఉండవలెను. బిగుతుగా ఉంటే హెడ్డులోని ఆ చిన్న వాల్వు ఎల్లప్పుడు కొద్దిగా తెరచియుండి ఊపిరి అంతా అక్కడే పోవును. రెండేండ్లు నిలిచిన బండిలో అది మసిపట్టి ఇరుక్కొనియుండుట కూడ కలదు. ఇంత చిన్న దానికి హెడ్డు విప్పిన ఇండ్లు ఉన్నవి!

తరువాత పుష్ రాడ్లు. బారెలు కుడి ప్రక్కన టాపెట్టు కవరు ఒకే నట్టుతో ఉండును. అది తీసి, ప్లగ్గు విప్పి, పిస్టను కంప్రెషనులో పైకొనకు వచ్చునట్లు ఇంజనును మెల్లగా తిప్పండి. ప్లగ్గు రంధ్రము మీద బొటనవ్రేలు పెడితే గాలి నెట్టుట తెలియును. అప్పుడు రెండు రాడ్లూ రెండు వ్రేళ్లతో సులువుగా తిరగవలెను, క్రిందికి పైకి మాత్రము ఆడకూడదు. తిరగకుండ బిగుసుకొనియుంటే వాల్వు పూర్తిగా మూతపడుట లేదన్నమాట. టకటక శబ్దము పోవలెనని కొందరు దీనిని బిగించి పెట్టుదురు. కొంచెము శబ్దము చేసే వాల్వు చెవికి మాత్రమే బాధ. శబ్దము లేకుండ బిగిసిన వాల్వు జేబుకు బాధ.

ఈ పని ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే చేయవలెను, రాత్రి నిలిపి ఉదయము చేయుట మేలు. వేడెక్కినప్పుడు బారెలు, హెడ్డు ఎత్తు పెరిగి రాడ్డు వద్ద సందు ఎక్కువగును. వేడి మీద సెట్టు చేస్తే చల్లారినప్పుడు బిగుసుకొనిపోయి తెల్లవారి బండి లేవదు. చాలామంది మేస్త్రులు తొందరలో ఈ ఒక్క మాట మరచిపోవుదురు. లాకు నట్టు బిగించేటప్పుడు కొలత కదలును గనుక బిగించిన తరువాత రాడ్డును మరల తిప్పి చూడండి.

ఇవి రెండూ సరిగానే ఉండి కంప్రెషను రాకపోతే ఒక స్పూను ఇంజన్ ఆయిలు తీసికొని ప్లగ్గు రంధ్రములో పోయండి. ప్లగ్గు బిగించి కిక్కరు మెల్లగా నొక్కండి. కాలికి బరువు తగిలితే రింగులు, బోరు అరిగినవి. మేస్త్రి మాట నిజమే. ఆయిలు పోసినా మార్పు లేకపోతే లోపము వాల్వుల వద్ద, లేదా హెడ్డు ప్యాకింగు వద్ద ఉన్నది. అప్పుడు చెవి పెట్టండి. కార్బురేటరులో బుస్సుమంటే ఇన్‌లెట్టు వాల్వు, సైలెన్సరులో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు. ఈ స్పూను ఆయిలు ఖర్చుతో బోరు ఖర్చు మిగిలే అవకాశమున్నది. చెల్లెలి ఫీజు కట్టిన తరువాతనే ఏ మేస్త్రినైనా పిలువండి; ఈ పరీక్షలకు మేస్త్రి అవసరము లేదు.

వాల్వులే అని తేలితే హెడ్డు విప్పవలెను. విప్పేటప్పుడు రెండు పుష్ రాడ్లను కలపవద్దు. ఏది ఎక్కడిదో దారము కట్టి గుర్తుపెట్టండి. రాకరు బ్లాకులు జతలు జతలుగా అరిగి సర్దుకొనియుండును, వాటిని మార్చి బిగిస్తే రాకరు పట్టేయును. పాత ఇడ్లీ రేకు ఒకటి పక్కన పెట్టుకొంటే ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటి సామాను వేసికొనవచ్చును. (అమ్మగారిని అడిగి తీసికొనండి, ఆ రేకు మరల వంటింటికి పనికిరాదు.)

వాల్వును ఒక సెంటీమీటరు బయటికి లాగి ప్రక్కలకు కదపండి. బాగా ఊగితే గైడు అరిగినది. తెల్లవారి స్టార్టు చేయగానే నీలి పొగ వచ్చి తరువాత తగ్గుట దీని గుర్తే. గైడు మార్చుట ఇంటి పని కాదు. హెడ్డు వేడిచేసి పాతది తీసి, కొత్తది దిగగొట్టి, రీమరు వేయవలెను. ఇక్కడ ఒక జాగ్రత్త. గైడు మారితే వాల్వు మధ్యరేఖ మారును, గనుక సీటును మరల 45 డిగ్రీలకు కోయించవలసినదే. విజయవాడ ఆటోనగరు వంటి చోట లేతు పనివారికి ఇది తెలిసిన పనే. "సీటు కూడ కోస్తారా?" అని ముందుగా అడగండి. కోయనవసరము లేదని చెప్పే చోట హెడ్డు ఇవ్వవద్దు.

గైడు బాగుండి వాల్వు అంచు కాలకపోతే రుద్దుట ఇంటిలోనే చేయవచ్చును. వాల్వు ముఖము మీద గ్రైండింగు పేస్టు పలుచగా పూసి, రబ్బరు కప్పు కర్రను రెండు అరచేతుల మధ్య మజ్జిగ కవ్వమువలె ఇటు అటు త్రిప్పవలెను. మధ్య మధ్య ఎత్తి, కొంచెము తిప్పి మరల కూర్చోబెట్టవలెను. మొదట గరుకు పేస్టు, తరువాత సన్నది. వాల్వు మీద, సీటు మీద చుట్టూ తెగకుండ బూడిదరంగు పట్టీ కనిపిస్తే చాలును. ఇంకా రుద్దితే సీటు లోతై చెడిపోవును. పేస్టు ఏమాత్రము మిగలకుండ కిరోసినుతో, ఆ తరువాత సబ్బు నీళ్లతో కడగండి. మిగిలిన పొడి గైడును, బోరును కూడ తినివేయును. హెడ్డులోని మసిని స్క్రూడ్రైవరుతో గీకవద్దు, అల్యూమినియం మెత్తనిది. వెదురు పుల్ల చాలును.

స్ప్రింగులను కొత్త స్ప్రింగు ప్రక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా ఉంటే లోపలిది, బయటిది రెండూ కలిపి మార్చండి. వాటి ఖర్చు తక్కువ, అవి విరిగితే జరిగే నష్టము ఎక్కువ.

వాల్వులు బిగించిన తరువాత హెడ్డును తలక్రిందుగా పెట్టి వాల్వుల మీద కొంచెము పెట్రోలు పోసి కొంతసేపు ఆగండి. పోర్టులలోనికి చెమ్మ దిగకపోతే మీ పని ఫలించినట్లే. పొయ్యికి, బీడీకి దూరముగా, ఆరుబయట చేయండి.

పాత పెట్రోలులోని సీసము వాల్వు సీటుకు కొంత అండగా ఉండేదని పెద్దవారు అనుట మీరు వినియుందురు. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుండి సీసము లేని పెట్రోలే. నెమ్మదిగా నడిపే బండికి దీనివలన భయపడవలసినది లేదు గాని, సీటు అరుగుకొలది పుష్ రాడ్డు సందు తగ్గును గనుక అప్పుడప్పుడు చూచుకొనుట మానవద్దు.

తిరిగి బిగించేటప్పుడు హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించండి. రాకర్లకు ఆయిలు తెచ్చే సన్నని పైపు బయటనే ఉండును; దానిని ఊది చూడండి, మూసికొనిపోతే రాకర్లు ఎండిపోవును. దాని రాగి వాషర్లను ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మరల పనికివచ్చును. మొదటి కిక్కుకు ముందు రాకర్ల మీద చేతితోనే ఆయిలు పోయండి. ఇంజను లేచిన తరువాత పైపు పై బోల్టు కొద్దిగా సడలించి ఆయిలు వచ్చుచున్నదో లేదో చూచి మరల బిగించండి.

కొత్త ప్యాకింగు అణగును గనుక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత, చల్లని ఇంజను మీద, హెడ్డు నట్లు మరొకసారి బిగించి రాడ్లు రెండూ తిప్పి చూడవలెను. హెడ్డు బిగిస్తే ఎత్తు తగ్గి రాడ్డు బిగియును, అందుచేత ఈ క్రమము మార్చవద్దు. ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు ఒక కాగితము మీద వ్రాసి టూల్ బాక్సులో పెట్టండి.