పాత కార్బురేటరు: బాగుచేయుటయా, మార్చుటయా?

మన పాఠశాల పనికొట్టములో ఒక మూలను, గోనెపట్టాల క్రింద, ఒక పాత పెట్రోలు ఇంజను కలదు. ఒకప్పుడది చిన్న లాంచిని నడిపి, డెల్టా కాలువల వెంబడి ఉపాధ్యాయులను, మందుల పెట్టెలను, పుస్తకముల మూటలను గ్రామములకు చేర్చెడిది. లాంచి కఱ్ఱ ఇంకను గట్టిగానే యున్నది. పూర్వవిద్యార్థులు కొందఱు దానిని బాగుచేయించి, వార్షికోత్సవ దినమున పిల్లల నెక్కించి కాలువపై నడిపింపవలెనని తలపెట్టిరి. ఇంజను తిరుగుచున్నది, స్పార్కు వచ్చుచున్నది, కాని కార్బురేటరు నుండి పెట్రోలు కాఱుచున్నది. ఇచ్చటనే అభిప్రాయ భేదము పుట్టినది. పాతదానిని విప్పి బాగుచేయవలెనని కొందఱు, పాతసామానుల అంగడిలో దొరకు మోటారుకారు కార్బురేటరును తెచ్చి సాయంకాలములోపల బిగింపవచ్చునని మఱికొందఱు పలుకుచున్నారు.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. పాతదాని ఒడలు సరిగా నున్నచో బాగుచేయవలెను. లేనిచో ఆ ఇంజనుకు తగినట్లు పడవలకొఱకే చేసిన క్రొత్తదానిని తెప్పింపవలెను. మోటారుకారు కార్బురేటరును మాత్రము పడవలో బిగింపరాదు. అట్లనుటకు కారణములను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు విన్నవింతుము.

కార్బురేటరు చేయు పని మిగుల సూక్ష్మమైనది. గొట్టములో ఇఱుకైన చోట గాలి వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. ఈ సూత్రమును డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించెను. ఆ ఇఱుకుచోటునకే వెంచురి యని పేరు. ప్రక్కనున్న చిన్న గిన్నెలో పెట్రోలు నిలిచియుండును. దానిపై బయటిగాలి ఒత్తిడి యుండుటచే, పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రముగుండ ఇఱుకుచోటికి చిమ్మి, తుంపురులై గాలితో కలియును. గిన్నెలో ఫ్లోటు తేలుచు, పెట్రోలు మట్టము పెరిగినపుడు నీడిల్ వాల్వును మూయును, తగ్గినపుడు తెఱచును. ఇంటి నీళ్లతొట్టిలోని తేలెడి బంతి చేయు పనియే యిది. ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి యుండిన మంట సంపూర్ణమగును. జెట్టు రంధ్రము వెండ్రుకవాసి హెచ్చినను తగ్గినను ఈ లెక్క తప్పును.

పెట్రోలు ఇంజను పడవ నెక్కి చాలకాలమైనది. 1886లో డైమ్లరు, మైబాఖు అను జర్మను శిల్పులు నెకారు నదిపై తమ ఇంజనుతో పడవను నడిపిరి. జనులు పెట్రోలునకు వెఱతురని డైమ్లరు ఆ పడవ చుట్టును పింగాణీ బుడిపెలను, తీగలను తగిలించి, అది విద్యుత్తుచే నడచునట్లు కనబఱచెనని చెప్పుదురు. 1893లో మైబాఖు చిమ్మెడి జెట్టుగల కార్బురేటరును రూపొందించెను. ఆ యేటనే హంగేరీలో బాంకీ, చోంకా అనువారును అట్టిదానికే పేటెంటు పొందిరి. నాటి జనుల వెఱపును చూచి మనము నవ్వవచ్చును. కాని అది నిష్కారణమైనది కాదు.

ఏలయన, పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. మోటారుకారు క్రింద నేల తెఱపిగా నుండును. కాఱిన పెట్రోలు రోడ్డుపై పడి గాలికి ఎగిరిపోవును. పడవ అట్టిది కాదు. అది నీటిపై తేలెడి గిన్నె. కాఱిన ప్రతి చుక్కయు దాని అడుగున చేరును. ఆవిరి అచ్చటనే పరచుకొని, పోవుటకు దారిలేక నిలుచును. ఒక్క నిప్పురవ్వ చాలును. ఇంజను ఎదురుకొట్టి కార్బురేటరు నోట మంట వెడలినను చాలును. అపుడు పడవలోనివారు పరుగెత్తుటకు నేల యెక్కడిది?

అందుచేతనే పడవ కార్బురేటరును వేఱువిధముగా చేయుదురు. గిన్నె పొంగినపుడు పెట్రోలు బయటికి కాఱక, గాలి పోవు దారిలోనికే పోవునట్లు దాని గాలిరంధ్రము నమర్తురు. క్రిందినుండి గాలిని పీల్చు పాతకాలపు రకములలో చుక్కలు నోటినుండి జారును గనుక, వానిని పట్టి నిలిపి మరల ఇంజనులోనికే పంపు ఏర్పాటుండవలెను. నోటికి మంటను ఆపెడి లోహపు జాలి యుండవలెను. అమెరికా దేశములో 1940వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీ తరువాత పడవలలో బిగించిన పెట్రోలు ఇంజనులకు, బయట తగిలించు చిన్న మోటారులకు తప్ప, ఎదురుమంటను ఆపు సాధనము తప్పక యుండవలెనని శాసనము. నీడిల్ వాల్వు తెఱచుకొని యున్నను 30 సెకండ్లలో 5 ఘన సెంటీమీటర్లకు మించి పెట్రోలు కాఱరాదని కూడ అచ్చటి నిబంధన. మోటారుకారు కార్బురేటరు ఈ పరీక్షలకు నిలుచునట్లు చేయబడినది కాదు. అది చౌకయే, కాని ఆ చౌక ఎవరి ప్రాణముమీదిదో యోచింపవలెను.

ఇక బాగుచేయు విషయము. విప్పుటకు ముందు దోషము కార్బురేటరుదేనని నిశ్చయించుకొనవలెను. స్పార్కు బలహీనమైనను, ట్యాంకులో తుక్కు పేరినను, వడపోత మూసికొనినను నింద తఱచుగా కార్బురేటరుపైననే పడును. మన ఇంజను విషయములో పెట్రోలు కాఱుట కంటికే కనబడుచున్నది గనుక సంశయము లేదు. విప్పునపుడు ఒక్కొక్క భాగమును ఫోటో తీసి, వరుసగా పళ్లెములో పెట్టవలెను. ఎండిన పెట్రోలు వార్నిషువలె పేరి యుండును. దానిని తగిన ద్రావకముతో కరిగించి, గాలి ఊది శుభ్రపఱుపవలెనే కాని, జెట్టులలో ఇనుపతీగ నెన్నడును దూర్పరాదు. రంధ్రము గీయబడి వెడల్పైనచో దాని కొలత తిరిగి రాదు. ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచినచో, చిల్లియున్న చోట బుడగలు వచ్చును. అట్టిదానిలో పెట్రోలు చేరియుండును గనుక దానికి మంట చూపుట మహాపాయము, మార్చుటయే మేలు. రెండు సగముల అంచులను అద్దముపై నుంచి, వంకర యున్నదేమో చూడవలెను. థ్రాటిల్ ఇరుసు అరిగినచో ప్రక్కనుండి గాలి దూరును. దానికి క్రొత్త బుష్షు వేయింపవలెను. నీడిల్ వాల్వు, దాని పీఠము, గ్యాస్కెట్టులు ఎట్లును క్రొత్తవే వేయవలెను. పిమ్మట ఫ్లోటు మట్టమును పుస్తకములోని కొలత ప్రకారము దిద్దవలెను. కంటి అందాజు పనికిరాదు.

ఈ పరీక్షలలో ఒడలు పగిలినదనియో, ఉప్పునీటికి తినబడినదనియో, సరిచేయరానంత వంకర పోయినదనియో తేలినచో, మమకారమును విడువవలెను. జిగురు పూసియో, మందమైన గ్యాస్కెట్టును కుక్కియో దానిని నిలుపుట పాతదానికి గౌరవము కాదు. పాతది కావుననే పూజ్యమనుట ఎంత పొరపాటో, పాతది కావుననే పాఱవేయవలెననుటయు అంతే పొరపాటు.

మఱియొక సంగతి కలదు. ఈ ఇంజను పుట్టిననాటి పెట్రోలు వేఱు, నేటి పెట్రోలు వేఱు. మన దేశములో 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఎథనాలు కలుపుట సిద్ధించినది. ఎథనాలు నీటిని పీల్చును. నీరు హెచ్చినపుడు దానితో గూడ విడివడి ట్యాంకు అడుగున చేరును. ఎల్లపుడు తేమలో నుండు పడవకు ఇది మఱింత బాధకము. పాతకాలపు రబ్బరును, బెండు ఫ్లోటులకు పూసిన లక్కను అది చెఱచును. అందుచేత క్రొత్తగా వేయు ప్రతి గ్యాస్కెట్టును, గొట్టమును ఎథనాలునకు ఓర్చునది కావలెను. అట్టి పెట్రోలునకు కావలసిన గాలి పాళ్లు కొంత తక్కువ గనుక, పాత జెట్టుతో మిశ్రమము పలుచబడును. ఇంజను వేడెక్కునేమో కనిపెట్టవలెను. పడవను చాలదినములు నిలుపునపుడు గిన్నెలోని పెట్రోలును తీసివేయవలెను.

ఇంత శ్రమ యేల, డీజిలు ఇంజనునో విద్యుత్తు మోటారునో పెట్టరాదా యని అడుగువారు కలరు. నిత్యము జనులను మోయు పడవ యైనచో వారి మాటయే సరియని మేమును ఒప్పుకొందుము. కాని మన లాంచి ఏటికి రెండు మూడు దినములు మాత్రమే నడచును. దానివలన కలుగు లాభము ప్రయాణము కాదు, విద్య. పుస్తకములో బెర్నూలీ సూత్రమును వల్లించిన బాలుడు, తాను కడిగిన జెట్టుగుండ పెట్రోలు చిమ్ముట చూచినపుడు ఆ సూత్రమును మఱల మఱచునా? పాడైన వస్తువును పాఱవేయుటకు ముందు, ఎందుకు పాడైనదని అడుగుట నేర్చినవానికి ఆ అలవాటు జీవితమంతయు ఉపకరించును.

కావున మా విన్నపమిది. కార్బురేటరును ఇంజనునుండి తీసి, అనుభవముగల మేస్త్రీ సమక్షమున విప్పి పరీక్షింపుడు. ద్రావకములతోడి పని పెద్దలే చేయుదురు గాక. కొలతలు తీయుట, వ్రాసికొనుట, అమర్చుట పై తరగతి విద్యార్థులకు విడువుడు. మంటను ఆపు జాలియు, ఆవిరిని బయటికి ఊదు పంకాయు, నిప్పునార్పు సాధనమును లేక పడవ కట్టు విప్పరాదు. ఇంజనును త్రిప్పుటకు ముందు 4 నిమిషములు పంకా నడిపి, అడుగున వాసన యున్నదేమో ముక్కుతో చూడవలెను. ముందుగా పెద్దలు నలుగురు ఎక్కి, పలుమాఱులు నడిపి, ఒక్క చుక్కయు కాఱుట లేదని నిశ్చయించిన పిదపనే పిల్లల నెక్కింపవలెను.

వార్షికోత్సవము నాటికి పని ముగియనిచో, లాంచి గట్టుననే యుండనిండు. పిల్లలు దానిని గట్టునుండియే చూచి సంతోషింతురు. ఒక యేడు ఆలస్యమైనందుకు ఎవరును మనలను నిందింపరు. తొందరపడి, కాఱుచున్న పెట్రోలుపై పిల్లలను కూర్చుండబెట్టినచో, మనలను మనమే క్షమించుకొనజాలము.